పీతల బోను బోయ కనిపించడం లేదు: ఎక్కడ వెతకాలి, ఎలా పైకి తీయాలి?

ఉప్పుగాలి:

రెండు బోన్లు వేస్తే ఒకటే చేతికొచ్చింది. రెండోదాని బోయ (బోను ఉన్న చోటు చూపడానికి తాడుకి కట్టే తేలే గుర్తు) ఎక్కడా లేదు. వివరాలన్నీ ఇస్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

వేసినప్పుడు నీళ్లు పూర్తి పాటులో (సముద్రమట్టం బాగా దిగిన వేళ) ఉన్నాయి, ఫిష్‌ఫైండర్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం) 18 మీటర్లు చూపించింది. పోటుకి ఇంకో 3.5 మీటర్లు పెరుగుతాయని పట్టికలో ఉంది. తాడు 24 మీటర్లు, 8 మి.మీ. మందం, పసుపు రంగు పాలీప్రొపిలీన్. బోయ ఒక్కటే, 5 అంగుళాల వ్యాసం, 11 అంగుళాల పొడవు. బోను ఇనుప చట్రానిది, 4 కిలోలు, అదనపు బరువు కట్టలేదు. అడుగు ఇసుక, అక్కడక్కడా బురద. వేసిన చోటు జీపీఎస్‌లో ఉంది. వెతికింది పోటు సగం ఎక్కిన వేళ, ప్రవాహం వడి బాగా ఉంది.

ఇది పోయినట్టేనా? ఇంకా అక్కడే ఉంటే పాతాళగరిగె (తాడుకి కట్టే కొక్కేల గుత్తి) లాంటిది వేసి ఈడ్చి తీయొచ్చా? ఇకముందు తాడు, బరువు ఎంతెంత పెట్టాలి?

లంగరు:

పోయిందని ఇప్పుడే తేల్చేయకండి. మీరిచ్చిన అంకెల్ని బట్టి బోయ నీళ్లలో మునిగి ఉండే అవకాశమే ఎక్కువ.

లెక్క చూడండి. 18కి 3.5 కలిపితే నిండు పోటులో లోతు 21.5 మీటర్లు. తాడు 24. మిగిలే వదులు రెండున్నర మీటర్లే, అందులో ముడులకి కొంత పోతుంది. తాడు బిగిసేలోపు బోయ బోనుకి పక్కగా 11 మీటర్లకి మించి జరగలేదు. ఆపైన కూడా వడి లాగుతూ ఉంటే బోయ మునగాలి, లేదా బోను లేవాలి. లోతుకి మూడో వంతు కలిపి 29 మీటర్ల తాడు కట్టి ఉంటే అదే బోయ 19 మీటర్ల దాకా జరిగేది. తాడు ఏటవాలుగా సాగుతుంది కాబట్టి, తాడు మీద పడే లాగుడు వదిలేస్తే, బోయ దాదాపు రెట్టింపు ఒత్తిడికి తట్టుకునేది. ఐదు మీటర్ల తాడు చేసే తేడా అది.

ఇంకోటి. వడి రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. అందుకే పోటు మధ్యలో మాయమైన బోయ, నీళ్లు నిలిచే వేళకి దానంతటదే పైకి తేలుతుంది. మీరు వెతికిన సమయమే దానికి సరిపడని సమయం.

కాబట్టి మొదటి పని, పాటు చివర నీళ్లు నిలిచే వేళ చూసుకుని వెళ్లడం. పోటు చివర కూడా నీళ్లు నిలుస్తాయి, కానీ అప్పుడు లోతు 21.5. పాటు చివర 18 మాత్రమే, తాడుకి ఆరు మీటర్ల వదులు దొరుకుతుంది. అరగంట ముందే చేరి, ఆ తర్వాత ఇంకో అరగంట ఉండండి. ఒక జాగ్రత్త: నీళ్లు నిలిచే సమయం అంటే ఆటుపోట్ల పట్టికలో రాసిన సమయమే అని అనుకోకండి. ఇరుకు పాయల్లో, దీవుల మధ్య దారుల్లో నీటిమట్టం దిగడం ఆగిపోయాక కూడా గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ప్రవాహం సాగుతూనే ఉంటుంది. ప్రవాహాలకి వేరే పట్టిక ఉంటే దాన్నే నమ్మండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర వడి ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. తొందర లేకపోతే అష్టమి అటూ ఇటూ ఉన్న రోజుల్లో వెళ్లడం మేలు.

వెతికేటప్పుడు సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా పడవని తిప్పుకోండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే రెండు మూడు మీటర్ల లోపల ఉన్న బోయ కూడా కనబడుతుంది. ఫిష్‌ఫైండర్ మీదా ఓ కన్ను వేయండి. నీళ్ల మధ్యలో నిలబడిన బోయ చక్కని గుర్తు ఇస్తుంది, ఎందుకంటే లోపల గాలి ఉన్న ఏ వస్తువైనా శబ్దాన్ని బలంగా తిప్పి కొడుతుంది.

బోయ దేనితో చేసిందో కూడా చూసుకోండి. థర్మాకోల్ లాంటి మెత్తటి నురుగు అయితే, అది లోతుకి వెళ్లినప్పుడు నలిగిపోతుంది. 20 మీటర్ల దగ్గర ఒత్తిడి పైన ఉన్నదానికి మూడు రెట్లు. నలిగిన నురుగు మళ్లీ ఉబ్బదు, తేలే శక్తి పోయి అడుగునే ఉండిపోతుంది. అలాంటి బోయ నీళ్లు నిలిచినా పైకి రాకపోవచ్చు.

తెడ్డు:

లంగరు గారు చెప్పినది ముందు చేయండి. రెండుసార్లు పాటు నిలకడలో చూసినా బోయ తేలకపోతే అప్పుడు ఈడ్చడం గురించి ఆలోచించాలి. దానికన్నా ముందు బోను అక్కడే ఉందా, నడిచిపోయిందా అన్నది తేల్చుకోవాలి.

మీ బోను నడిచే రకమే. నాలుగు కిలోల ఇనుము ఉప్పునీళ్లలో మూడున్నర కిలోలే తూగుతుంది. మీరు చెప్పిన కొలతల బోయని స్థూపంలా లెక్కేస్తే మూడున్నర లీటర్లు. అంచులు గుండ్రం, సొంత బరువు తీసేస్తే దాని ఎత్తుడు మూడు కిలోల చుట్టుపక్కల. తాడు బిగిసి బోయ పూర్తిగా మునిగిందంటే బోనుని నేలకి అదిమి ఉంచేది అరకిలో మాత్రమే. కాస్త వడికే అది ఇసుక మీద గెంతుకుంటూ పోతుంది. అలా నడిచే బోను తాడు మళ్లీ వదులయ్యేచోట, అంటే లోతు తగ్గేచోట ఆగుతుంది. అందుకే బలమైన ప్రవాహం ఏ దిక్కుకి పోతుందో చూసి, ఆ దిక్కున మొదటి మెరక దగ్గర వెతకండి. లోతు వైపు జారితే మాత్రం బోయ ఇక తేలదు.

ఇక పాతాళగరిగె సంగతి. మూడు నాలుగు కొక్కేలుండి, ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోల బరువున్నది చాలు. దాని ముందు రెండు మూడు మీటర్ల గొలుసు తప్పనిసరి, లేకపోతే గరిగె నేలని వదిలి ఎగురుతూ ఉంటుంది. గొలుసుని పైనున్న కన్నానికి నేరుగా బిగించకండి. కొక్కేలు కలిసే కింది మొదలు దగ్గర గట్టిగా కట్టి, కాడ పొడవునా తెచ్చి, పై కన్నానికి పలచటి నూలు దారంతో రెండు మూడు చుట్లు వేయండి. రాయి కింద ఇరుక్కుంటే గట్టిగా లాగినప్పుడు ఆ దారం తెగుతుంది, అప్పుడు లాగుడు కింది మొదలు నుంచి పడి గరిగె వెనక్కి ఊడి వచ్చేస్తుంది.

తాడు లోతుకి మూడు రెట్లు వదలాలి. మీ లోతుకి 65 మీటర్లు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: 65 మీటర్లు వదిలితే గరిగె పడవ కింద ఉండదు, దాదాపు 60 మీటర్లు వెనక ఉంటుంది. పడవ జీపీఎస్ గుర్తు మీదకి రాగానే ఆపేస్తే గరిగె ఇంకా బోను దాకా రాలేదన్నమాట. గుర్తు దాటాక ఇంకో 80 మీటర్లు పోనిచ్చి అప్పుడు తిప్పండి.

గుర్తు కూడా సరిగ్గా బోను మీద ఉండదు. బోను నీళ్లలో పడ్డాక అడుగుకి చేరడానికి 25 సెకన్లు పట్టిందనుకుంటే, ఒక నాట్ (గంటకి దాదాపు 1.85 కి.మీ.) వడిలో అది దాదాపు 13 మీటర్లు పక్కకి పోతుంది. జీపీఎస్ తప్పు మరో నాలుగైదు మీటర్లు. అందుకని గుర్తుకి ప్రవాహం పోయిన వైపు నుంచి మొదలుపెట్టి, ప్రవాహానికి అడ్డంగా, ఐదేసి మీటర్ల ఎడంతో వరసలు తీసుకుంటూ గుర్తు వైపు రండి. ప్రవాహం వెంట ఈడిస్తే గరిగె తాడుకి సమాంతరంగా పోతుంది, ఏమీ తగలదు.

మీ తాడు పాలీప్రొపిలీన్ కావడం ఈ విషయంలో కలిసొచ్చింది. అది నీళ్లకన్నా తేలిక, బోయ తెగిపోయినా తాడు నిటారుగా లేచి ఉంటుంది. మీ ఈడ్పు తాడు దానికి మధ్యలో తగిలితే చాలు, జారుకుంటూ వచ్చి కొక్కెంలో పడుతుంది. సీసం పోగున్న మునిగే తాడైతే నేల మీద పడుకుని ఉంటుంది, అప్పుడు గరిగె పళ్లు ఇసుకని గీరుతూ పోవాలి, వరసలు ఇంకా దగ్గరగా వేయాలి.

వేగం ఒక నాట్, ఒకటిన్నర దాటకూడదు. ఈడ్పు తాడుని వేళ్లతో పట్టి చూస్తూ ఉండండి, చుట్టుకోవద్దు. రాయి తగిలితే ఒక్కసారిగా ఆగుతుంది. నాచు పట్టుకుంటే బరువు నెమ్మదిగా పెరిగి అలాగే ఉంటుంది. బోను తాడు దొరికితే రబ్బరు లాగినట్టు మెల్లగా బిగుసుకుంటూ, వదిలితే కొంచెం వెనక్కి పోతుంది. ఆ తేడా వేళ్లకి తెలుస్తుంది.

ఈడ్పు తాడుని పడవ ముక్కు దగ్గరున్న కట్టుకొయ్యకే కట్టాలి. వెనక కట్టి ముందుకి నడిపితే, గరిగె ఇరుక్కున్నప్పుడు అలలకి వెనకభాగం కిందికి దిగి నీళ్లు లోపలికొస్తాయి. చిన్న పడవలు మునగడానికి ఇది ఒక్కటి చాలు. ముక్కుకి కట్టి వెనక గేరులో మెల్లగా పోండి. నిమిషంలో కోయగలిగేలా కత్తి చేతికి అందేచోట ఉండాలి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు కింద కాదు.

సముద్రగర్భ కేబుళ్లు, పైపులు, లంగరు వేయకూడదని సముద్రపు చార్టులో (పటంలో) గీసిన చోట్లు, సముద్రపు గడ్డి మేటలు ఉన్న చోట గరిగె వేయొద్దు. ముందు చార్టు చూసుకోండి.

ఉప్పుగాలి:

ఇద్దరికీ ధన్యవాదాలు. 60 మీటర్ల లెక్క అసలు తట్టని విషయం. రెండు సందేహాలు. తాడు దొరికాక బోను బురదలో కూరుకుపోయి రాకపోతే ఏం చేయాలి? సైడ్‌స్కాన్ సోనార్ (రెండు పక్కలకీ శబ్దం పంపి అడుగు బొమ్మ చూపే పరికరం) ఉన్న పడవ అడిగి తీసుకుంటే ప్రయోజనం ఉంటుందా?

తెడ్డు:

కూరుకున్న బోనుకి ముందు చేయాల్సింది, దొరికిన తాడుకి కొత్త బోయ కట్టేయడం. పట్టు తప్పినా మళ్లీ మొదటికి రాకుండా ఉంటుంది.

తర్వాత పడవని సరిగ్గా బోను మీదకి తెచ్చి, తాడు నిటారుగా బిగించి, ఐదు పది నిమిషాలు అలాగే ఉంచండి. బురద పట్టు అంటే ఎక్కువ భాగం పీల్పు. కిందికి నీళ్లు చేరడానికి సమయం ఇస్తే అదే వదులుతుంది. ఒక్క ఊపున లాగితే తాడు తెగుతుంది. రాకపోతే ప్రవాహం వచ్చే వైపు నుంచి, తర్వాత ఎదుటి వైపు నుంచి ఏటవాలుగా లాగి చూడండి. తాడు కట్టుకొయ్యకి బిగించేసి పోటు ఎత్తుతుందిలే అని వదిలేయొద్దు. నీళ్లు లేచేకొద్దీ ముక్కు కిందికి పోతుంది, తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది.

బోను పైకి వచ్చాక నిండా బురదతో రెండింతల బరువుంటుంది. పడవ అంచు దగ్గర నీళ్లలోనే రెండుసార్లు ముంచి కడగండి. ఇద్దరూ ఒకే వైపుకి వంగొద్దు.

నత్తగుల్ల:

సైడ్‌స్కాన్ గురించి. ప్రయోజనం బాగా ఉంటుంది, అడుగు చదునుగా ఉంటే. మీది ఇసుక కాబట్టి పనికొస్తుంది. రాళ్ల నేల అయితే ప్రతి బండా బోనులాగే కనబడుతుంది.

800 కిలోహెర్ట్జ్ లేదా అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీ పెట్టుకోండి. ఒక్కో పక్కకి 20, 25 మీటర్లకి మించి పరిధి పెట్టొద్దు, పరిధి పెంచేకొద్దీ బోను ఒక చుక్కలా మిగులుతుంది. వేగం మూడు నాలుగు నాట్లు, గీత తిన్నగా ఉండాలి. మలుపు తిరిగేటప్పుడు వచ్చే బొమ్మ సాగిపోయి ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. వరసలు ఒకదాని మీద ఒకటి సగం పడేలా వేయండి, ఎందుకంటే పడవకి నేరుగా కిందున్న పట్టీ సైడ్‌స్కాన్‌లో సరిగా కనబడదు.

తెర మీద బోనుని దాని నీడతో గుర్తుపట్టాలి. ఇనుప చట్రం మెరుస్తుంది, దాని వెనక నల్లటి నీడ పడుతుంది. గుండ్రంగానో చదరంగానో అంచులు కచ్చితంగా ఉన్న నీడ ఉంటే అది మనిషి చేసిన వస్తువే. బండరాయి నీడ వంకరటింకరగా ఉంటుంది. అనుమానం ఉన్న ప్రతి చోటా గుర్తు పెట్టి, ఎదుటి దిశ నుంచి మరోసారి పోండి. రెండు దిశల్లోనూ ఒకే చోట కనబడితే గరిగె వేయండి, లేదా తాడుకి కట్టిన నీటి కెమెరా దింపి చూడండి.

డైవర్‌ని దింపుదామని అనుకుంటే: 40 మీటర్లు సరదా డైవింగ్‌కి గరిష్ఠ హద్దు, మీ లోతు దానికి లోపే. కానీ తేలే తాడు నిటారుగా ఊగుతున్న చోట డైవర్ చిక్కుకునే ప్రమాదం నిజంగా ఉంది. ఇద్దరు కలిసి, నీళ్లు నిలిచిన వేళ, తాడు కోసే పనిముట్టు రెండేసి పెట్టుకుని దిగాలి. దాని అనుభవం లేనివాళ్లని ఒక బోను కోసం దింపొద్దు.

గరిగెకి వేరేవాళ్ల తాడు తగిలితే వెంటనే, మెల్లగా వదిలేయండి. చాలాచోట్ల వేరేవాళ్ల బోను ముట్టుకోవడమే నేరం, అది పోయిన బోనులా కనిపించినా సరే. గుర్తు పెట్టుకుని మత్స్యశాఖకి చెప్పండి. పీతల సీజన్ మూసేసిన తర్వాత మీ సొంత బోను కోసం వెతకాలన్నా ముందు వాళ్లనే అడగాలి. వేళలు కూడా చూసుకోండి: ఉదాహరణకి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సూర్యాస్తమయం అయిన గంట తర్వాత నుంచి సూర్యోదయానికి గంట ముందు దాకా బోన్లు వేయకూడదు, తీయకూడదు. పాటు నిలకడ అర్ధరాత్రి పడితే మరుసటి దానికోసం ఆగాల్సిందే.

ఇసుకతిన్నె:

ఉప్పుగాలి గారూ, మూడో ప్రశ్నకి ఎవరూ పూర్తిగా రాలేదు, అది నేను రాస్తాను.

తాడు: వేసిన క్షణంలో కనిపించే లోతు మీద కాదు, ఆ బోను నీళ్లలో ఉండేంతసేపటిలో వచ్చే గరిష్ఠ లోతు మీద లెక్కేయండి. దానికి మూడో వంతు కలపండి. వడి ఎక్కువున్న చోట సగం కలపండి. అయితే పొడవు పెరిగితే పాటు వేళ మిగిలిన తేలే తాడు నీటి మీద పరుచుకుంటుంది, దాన్ని ఏదో ఒక పడవ ప్రొపెల్లర్ కోసుకుపోతుంది. బోయలు పోవడానికి ఇది పెద్ద కారణం. వాషింగ్టన్ రాష్ట్రంలో తాడు నీటి మీద తేలకుండా బరువు ఉండాలన్నది నియమమే.

మంచి అమరిక ఏమిటంటే, పై మూడో వంతు మునిగే తాడు (సీసం పోగున్నది గానీ నైలాన్ గానీ), కింది రెండు వంతులు తేలే తాడు. పైన ఉన్నది ప్రొపెల్లర్లకి దొరక్కుండా దిగుతుంది, కింద ఉన్నది నేల మీద రాళ్లకి చుట్టుకోకుండా లేచి ఉంటుంది. రెంటినీ కలిపేచోట డబుల్ షీట్ బెండ్ (రెండు తాళ్లని కలిపే ముడి) వేసి కొసలు పొడవుగా వదిలి సన్నదారంతో కట్టేయండి. పాలీప్రొపిలీన్ జారుడు తాడు, మామూలు ముడి తడిసి ఊగితే విడిపోతుంది. బోను దగ్గర బోలైన్ (జారని ఉచ్చు ముడి) వేసినా కొసని ఇంకోసారి తిప్పి లోపలికి దూర్చండి. ఇప్పుడున్న తాడే వాడాలంటే బోయకి నాలుగు మీటర్ల కింద 50 గ్రాముల సీసం బిళ్ల ఒకటి బిగించండి. తాడు మందం కూడా ఆలోచించండి. ప్రవాహం పెట్టే లాగుడు మందంతో పాటు పెరుగుతుంది. 12 మి.మీ. తాడు పట్టుకోవడానికి హాయిగా ఉంటుంది కానీ 8 మి.మీ. కన్నా ఒకటిన్నర రెట్లు నీటిని అడ్డుకుంటుంది.

బరువు: ఏ వస్తువు కడుతున్నారో దాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఉప్పునీళ్లలో సీసం తన బరువులో తొమ్మిది శాతమే కోల్పోతుంది. ఇనుము 13 శాతం. కాంక్రీటు 40 శాతం పైనే, ఇటుక ఇంచుమించు సగం. ఐదు కిలోల ఇటుకలు కట్టాం కదా అని ధైర్యంగా ఉంటే నీళ్లలో అవి రెండున్నర కిలోలే. మీ బోనుకి ఐదు కిలోల ఇనుప కడ్డీలు కడితే నీళ్లలో ఇంకో నాలుగు కిలోల పైన కలుస్తుంది, మొత్తం దాదాపు ఎనిమిది. కడ్డీలని నేలకి తగిలే చట్రం మీద ఎదురెదురుగా సమంగా కట్టండి. ఒక పక్కే కడితే బోను దిగేటప్పుడు తిరగబడి ద్వారాలు బురదకి మూసుకుపోతాయి. ప్లాస్టిక్ కట్లు మాత్రమే నమ్ముకోకండి, తీగతో కూడా బిగించండి.

బరువు పెరిగాక బోయ కూడా పెంచొచ్చు. ఈ క్రమం తప్పొద్దు: బరువు పెంచకుండా రెండో బోయ కడితే ఆరు కిలోల ఎత్తుడు పడి మూడున్నర కిలోల బోను లేచిపోతుంది. రెండు గట్టి నురుగు బోయలని ఒకటిన్నర మీటరు ఎడంతో ఒకదాని వెనక ఒకటి కడితే, అవి పడుకున్న దిక్కు చూసి ప్రవాహం ఎటు పోతోందో, ఎంత బలంగా ఉందో దూరం నుంచే తెలుస్తుంది. మొదటిది మునిగినా రెండోది కొంతసేపు కనబడుతుంది.

వేసే చోటు: వాలు మీద వేయొద్దు. బోను వేసేముందు చుట్టూ ఒక 30 మీటర్లు ఫిష్‌ఫైండర్ చూస్తూ తిరగండి, లోతు రెండు మూడు మీటర్లకి మించి మారకపోతేనే వదలండి. రెండు మూడు బోన్లుంటే అన్నీ ఒకే లోతు గీత వెంట వేయండి, ఒకటి కనిపించకపోయినా మిగతావాటిని చూసి వరస తెలుస్తుంది. ఓడలు, ఫెర్రీలు నడిచే దారిలో ఎంత మంచి పీతలున్నా వేయకండి.

జీపీఎస్ గుర్తు బోను చేయి వదిలిన క్షణంలో పెట్టండి, తాడు మొత్తం వదిలాక కాదు. గుర్తు పక్కన లోతు, సమయం, ప్రవాహం దిక్కు రాయండి. పైన తెడ్డు గారు చెప్పిన వెతుకులాటకి ఆ మూడే ఆధారం.

పేరు, ఫోన్ నంబరు బోయ మీద ఉంటే సరిపోదు. బోయే కదా ముందు పోయేది. రేకు ముక్క మీద అక్షరాలు కొట్టి బోను లోపల కూడా కట్టండి. మార్కర్‌తో రాసింది ఎండకి, ఉప్పుకి నిలవదు. ప్లాస్టిక్ బోయ మీద వేడి సూదితో చెక్కినట్టు రాస్తే చాలాకాలం ఉంటుంది.

లంగరు:

దీనికి తోడు ఒకటి. తాడు మీ ప్రొపెల్లర్‌కే చుట్టుకుంటే ఇంజను ఆపి, తాళం తీసి, పైకెత్తండి. వెనక గేరు వేసి విడిపిద్దామని చూడొద్దు, ఇంకా బిగుస్తుంది. చేత్తో తిప్పి తీయండి. కోయక తప్పకపోతే, కోసే ముందు బోను వైపున్న తాడుకి వేరే బోయ గానీ, మూత గట్టిగా బిగించిన ఖాళీ డబ్బా గానీ కట్టండి. చాలా బోన్లు ఆ ఒక్క నిమిషం ఆగకపోవడం వల్లే అడుక్కి పోతాయి.

ఉప్పుగాలి:

అన్నీ రాసుకున్నాను. అష్టమి ఇంకో నాలుగు రోజుల్లో ఉంది, ఆ రోజు పాటు నిలకడకి వెళ్తాను. ఈలోపు బోనులో పడ్డ పీతల పరిస్థితి ఏమిటి? మూతకి ఉన్న రబ్బరు కొక్కేన్ని ఒక తెల్ల దారంతో కట్టి ఉంది. అది నూలుదో కాదో తెలియదు, బోనుతో పాటు వచ్చింది.

ఇసుకతిన్నె:

మీ ప్రశ్నలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇది.

పోయిన బోను ఆగదు. లోపల చిక్కిన పీతలు ఎర అయిపోయాక ఆకలితో, ఒకదాన్నొకటి గాయపరచుకుని చస్తాయి. చచ్చినవి కొత్తవాటికి ఎరవుతాయి. అలా నెలల తరబడి సాగుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ ప్రాంతంలో ఏటా దాదాపు 12 వేల బోన్లు పోతున్నాయని, వాటిలో లక్షా 70 వేలకు పైగా డంజెనెస్ పీతలు (అమెరికా పడమటి తీరంలో పట్టే పెద్ద రకం) చస్తున్నాయని 2011లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అమెరికా తూర్పు తీరాన చెసపీక్ బేలో వర్జీనియా వైపు 2008 నుంచి కొన్నేళ్లపాటు జాలర్లనే పెట్టి సోనార్‌తో వెతికిస్తే 34 వేలకు పైగా వదిలేసిన సామాన్లు బయటపడ్డాయి, ఎక్కువ భాగం పీతల బోన్లే. అక్కడ తాబేళ్లు కూడా వాటిలో చిక్కి ఊపిరాడక చస్తాయి.

దీనికి మందు కుళ్లే దారం. వాషింగ్టన్ నియమం ప్రకారం అది ఏ పూతా లేని నూలు, జనపనార, సిసల్ లేదా హెంప్ అయి ఉండాలి, మందం ఎనిమిదో వంతు అంగుళం దాటకూడదు. అది కుళ్లి తెగితే మూత తెరుచుకోవాలి, లేదా బోను పై సగంలో కనీసం 3 అంగుళాలకి 5 అంగుళాల దారి ఏర్పడాలి. మందం నియమం ఎందుకంటే, లావు దారం కుళ్లడానికి ఎన్నో రెట్లు సమయం తీసుకుంటుంది. రెండు పేటలు వేసినా అంతే, ఒక్క పేటే ఉండాలి. దారి పై సగంలో ఎందుకంటే, కింది సగం ఇసుకలో కూరుకుపోతుంది.

దారం ఏదో తెలుసుకోవడం తేలిక. రెండో బోనుకి కూడా అదే ఉంటుంది కదా, దాని కొస కత్తిరించి ఇంటి బయట వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే బూడిద అవుతుంది. నైలాన్, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. పూస కడితే ఆ దారం ఏళ్లు గడిచినా తెగదు. అలాగని తేలితే నాలుగు రోజులు ఆగకండి, రేపటి పాటు నిలకడకే వెళ్లండి, వడి కాస్త ఎక్కువున్నా సరే, బోయ కోసం ఓ చూపు చూడండి.

దారం సరైనదైనా కట్టిన తీరు చూడాలి. రబ్బరు కొక్కెం మూతని బిగించి ఉంచితే, దారం ఆ కొక్కేనికీ చట్రానికీ మధ్య ఉండాలి, దారం తెగగానే రబ్బరు బిగువు పోవాలి. మూతని కట్టిన దారంతో పాటు పక్కనే ప్లాస్టిక్ కట్టు కూడా బిగించి ఉంటే దారం కుళ్లినా ప్రయోజనం లేదు. రెండో బోను ముందు పెట్టుకుని దారం కత్తిరించి చూడండి. చేత్తో ముట్టకుండా మూత దానంతటదే లేవాలి. లేవకపోతే కీలు తుప్పుపట్టిందో, తీగ అడ్డుపడిందో వెతకండి.

నత్తగుల్ల:

తప్పించుకునే రింగులు కూడా చూడండి. డంజెనెస్‌కి వాషింగ్టన్‌లో నాలుగుంపావు అంగుళాల రింగులు రెండు ఉండాలి. అవి కూడా పై సగంలోనే ఉండాలి. చిన్నవి, ఆడవి వాటిలోంచి వెళ్లిపోతాయి కాబట్టి బోను పోయినా కొంత నష్టం తగ్గుతుంది.

బోను దొరికినప్పుడు లోపల బతికి ఉన్నవాటిని, అవి ఎంత పెద్దవైనా, వదిలేయండి. రోజుల తరబడి తిండి లేకుండా ఉన్న పీతలో మాంసం ఉండదు, పైగా వాటిలో కొన్ని చచ్చినవాటిని తిని ఉంటాయి. చచ్చినవి ఒక్కటి కూడా ఇంటికి తేవొద్దు. ఎర పెట్టె ఖాళీ చేసి, పాత దారం తీసేసి కొత్త నూలు దారం కట్టాకే మళ్లీ నీళ్లలో వేయండి. ఉప్పునీళ్లలో నానిన పాత దారం సగం కుళ్లి ఉంటుంది, బోను నిండుగా లాగుతున్నప్పుడే తెగి మూత తెరుచుకుంటుంది. బోను జాడ అస్సలు దొరక్కపోతే మత్స్యశాఖకి చోటు, లోతు, తేదీ చెప్పండి. తీసే కార్యక్రమాలు జరిగినప్పుడు వాళ్లకి కావలసింది ఆ మూడు వివరాలే.